ఆట అయిపోయాక ప్లేటు ఊడ్చిన అంపైరు

ఈ సంగతి తెలుగులో రాయడానికి కారణం ఒక్కటే. బ్రాంప్టన్‌లో ఉండే ఒక ముసలి ప్లంబరుకి తెలుగు రాదు.

ఇంగ్లీషులో రాస్తే వాళ్ళ మనవరాలు చదివి వినిపిస్తుంది. పంజాబీలోనో హిందీలోనో రాస్తే మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. తెలుగైతే మన నలుగురి మధ్యే ఉంటుంది. కాబట్టి చదివే కుర్రకారుకి ముందే మనవి చేస్తున్నా. దీన్ని ఫోన్లో పెట్టి తర్జుమా బటన్ నొక్కొద్దు. నొక్కినవాడి ఇంట్లో జనవరి చలిలో పైపులు బిగుసుకుపోవాలి, పిలిచిన ప్లంబరు రాకూడదు. ఇది నా శాపం.

ఇక నా సంగతి. వారం పొడుగునా వాన్ అనే పక్క ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాణ్ణి. అది పొట్టకూటి ఉద్యోగం. ఎండాకాలం ఆదివారాలు బ్రాంప్టన్‌లో బేస్‌బాల్ అంపైర్‌ని. అది నేను బతికిన ఉద్యోగం. పన్నెండు ఎండాకాలాలు చేసి, రెండేళ్ళ కింద రిటైరయ్యా. యాభై ఆరేళ్ళకే రిటైర్మెంటేమిటని అడక్కండి. క్యాచర్ వెనకాల వంగి నిలబడేవాడికి మోకాళ్ళ వయసే అసలు వయసు. నా మోకాళ్ళకి డెబ్బై దాటాయి.

నేను చెప్పే కథల్లో నీళ్ళు కలుస్తాయని మా ఆవిడ అంటుంది. అడుగున పాలున్నాయి కదా అని నేనంటాను. ఈసారి మాత్రం నీళ్ళు కలిపిన చోటల్లా నేనే చెప్పేస్తా.

ఈమధ్య అంపైరింగ్ ట్రైనింగ్‌కి మన పిల్లలు బాగానే వస్తున్నారు. పొద్దున కాలేజీ, సాయంత్రం పార్ట్‌టైం, ఆదివారం మాస్కు. నన్ను చూసి, "అంకుల్, రూల్ బుక్‌లో ఏది ముఖ్యం?" అని అడుగుతారు. వాళ్ళకి అక్కడ నిలబడి చెప్పలేనిది ఇక్కడ కూర్చుని రాస్తున్నా.

నేను తెనాలి దగ్గర కాలేజీ గ్రౌండ్లలో పదిహేనేళ్ళు క్రికెట్ అంపైరింగ్ చేసినవాణ్ణి. ఆ మాట ఒకరోజు వేర్‌హౌస్‌లో లంచ్ టేబుల్ దగ్గర నోరు జారింది. మా సూపర్‌వైజర్ ఒక లీగ్ నడుపుతాడు. ప్లంబర్లు, బస్సు డ్రైవర్లు, పెయింటర్లు, ఎవరి జట్టు వాళ్ళకుండే చిన్న లీగ్. వాళ్ళ అంపైర్ ఆ వారమే చెప్పాపెట్టకుండా మానేశాడు.

"నీకు అంపైరింగ్ వచ్చా?" అన్నాడు.

"వచ్చు" అన్నా.

ఏ ఆటకో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

నాలుగు రోజుల్లో రూల్ బుక్ మింగేశా. ఆదివారం మాస్కు పెట్టుకుని, ఛాతీకి దిండులాంటి కవచం కట్టుకుని, పెళ్ళికొడుకంత బిగువుగా గ్రౌండులో దిగా. బ్యాటుకి అందేలా వస్తే స్ట్రైకు, దూరంగా పోతే బాల్, ఆ లెక్క బాగానే పెట్టా. రెండో ఇన్నింగ్స్‌లో ఒకడు బంతిని నేల మీదుగా కొట్టి ఫస్ట్ బేస్ వైపు పరిగెత్తాడు. బేస్ అంటే పరుగు దారిలో మూలకొకటి పరిచే తెల్ల దిండు. ఫీల్డర్ బంతి అందుకుని విసిరాడు. ఫస్ట్ బేస్ దగ్గరున్నవాడు బేస్ మీద కాలు పెట్టి పట్టాడు. పరిగెత్తేవాడు ఇంకా రెండు బారల దూరంలో ఉన్నాడు. కళ్ళు మూసుకున్నవాడైనా చెప్తాడు, అవుట్ అని.

నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డా.

ఎవరైనా అడగాలి కదా! క్రికెట్లో అడగందే అంపైరు వేలెత్తడు. బ్యాట్స్‌మన్ క్రీజుకి అవతల బోర్లా పడి ఉన్నా సరే, ఫీల్డింగు వాళ్ళు నోరు తెరిచి అడిగితేనే అవుట్. పదిహేనేళ్ళు అలాగే బతికా. ఇక్కడి వాళ్ళు ఎంత మర్యాదస్తులోయ్, గట్టిగా అడగడానికి కూడా మొహమాటపడుతున్నారు అనుకున్నా. వాళ్ళు నన్ను చూస్తున్నారు. నేను వాళ్ళని చూస్తున్నా. పరిగెత్తినవాడు బేస్ మీద నిలబడి, దిగాలా ఉండాలా అన్నట్టు మా అందర్నీ చూస్తున్నాడు. ఎయిర్‌పోర్టు దగ్గరే కాబట్టి ఒక విమానం మా నెత్తి మీదుగా దిగింది. ఇంకొకటి దిగింది. మూడోది కూడా దిగిందని చాలాచోట్ల చెప్పాను గానీ, రెండే.

అప్పుడు నా వెనకాల, వల అవతల మడత కుర్చీలోంచి ఒక ఆడగొంతు ఉరిమింది.

"హౌజ్ దట్!"

నా మెదడుకి చెప్పకుండానే నా చూపుడువేలు నిటారుగా ఆకాశంలోకి లేచిపోయింది.

బేస్‌బాల్‌లో అవుటంటే పిడికిలి బిగించి, తలుపు బాదినట్టు చెయ్యి ఆడించాలి. నేనేమో శూన్యంలోకి దారి చూపిస్తున్నవాడిలా నిలబడ్డా. గ్రౌండంతా నవ్వు. ఆ గొంతు మాత్రం నవ్వలేదు.

"ఈయన అడిగితేనే చెప్పే రకం. మా ద్వీపంలో అందరూ ఇలాంటివాళ్ళే. అడగండ్రా మొద్దుల్లారా, నోళ్ళు లేవా మీకు!"

ఆవిడ జమైకా మామ్మగారు. చిన్నప్పుడు క్రికెట్ చూసి పెరిగి, ఇక్కడికొచ్చి సిటీ బస్సు నడిపి రిటైరైంది. డ్యూటీలో ఉన్న రోజుల నుంచీ బస్సు డ్రైవర్ల జట్టు ఆడే ప్రతి ఆటకీ మడత కుర్చీ, ఫ్లాస్కు నిండా అల్లం టీ, స్కోరు పుస్తకం పట్టుకుని వచ్చేది. ఆ రోజు నన్ను ఆదుకుంది కదా, మనిషి మంచిదే అనుకున్నా. మంచిదే. కాకపోతే ఆ రోజు నుంచి నేను ఆవిడ సొత్తయిపోయా.

"అంపైరూ! నా దగ్గర స్పేర్ కళ్ళజోడుంది, పంపించనా?"

"నిన్ను నా బస్సెక్కించుకుంటే చివరి స్టాపు దాకా ఊరికే తిప్పేదాన్ని. దిగాల్సిన చోటు నీకెటూ కనపడదు!"

"మీ ఊళ్ళో కూడా ఇంత గుడ్డిగానే ఉండేవాడివా, లేకపోతే ఇక్కడి మంచుకి ఇలా అయ్యావా?"

పన్నెండేళ్ళు. ఒక్క ఆదివారం నాగా లేదు. ఆట అయ్యాక వల పక్కనుంచి చెయ్యి పెట్టి కప్పుడు అల్లం టీ ఇచ్చేది. తిట్లు ఆటకి, టీ నాకు. రెండూ వేడిగానే ఉండేవి.

అడిగేదాకా ఆగే రోగం వదిలించుకోడానికి నాకొక ఏడాది పట్టింది. వేర్‌హౌస్‌లో ఎవరూ లేని వరసలోకి ఫోర్క్‌లిఫ్ట్ తీసుకెళ్ళి, "అవుట్!" అని అరిచి ప్రాక్టీసు చేసేవాణ్ణి. ఒకరోజు పక్క వరసలో పెట్టెలు సర్దుతున్న కొత్తవాడు ఆ కేక విని, తన ఉద్యోగమే పోయిందనుకుని, చొక్కా మార్చుకుని ఇంటికెళ్ళిపోయాడు. ఇందులో నీళ్ళు కాస్త ఎక్కువే. చొక్కా దాకా వచ్చాడు గానీ గేటు దాటలేదు.

ఇప్పుడు ఆ ప్లంబరు.

ప్లంబర్ల జట్టుకి క్యాచరు. అంటే ఆటంతా నా ముందు గొంతుక్కూర్చుని బంతి పట్టేవాడు. అతని వీపు నాకు తెలిసినంతగా ఇంకెవరి వీపూ తెలియదు. అరవై దాటిన మనిషి, బొంగురు గొంతు, మాట తక్కువ. ముప్ఫై ఎండాకాలాలు ఆడాడు. ఒక్క హోమ్ రన్ కొట్టలేదు. బంతి కంచె దాటి అవతల పడితే, కొట్టినవాడు తాపీగా నాలుగు బేసులూ చుట్టి ఇంటికి, అంటే బయల్దేరిన చోటికి, రావడమే హోమ్ రన్. వాళ్ళ జట్టులో నిన్నగాక మొన్న చేరినవాళ్ళు కూడా కొట్టారు. ఇతనికి మాత్రం పడలేదు. బ్యాటు పట్టుకుని వచ్చిన ప్రతిసారీ నా వైపు తిరక్కుండా ఒకే మాట అనేవాడు.

"ఇవాళే, అంపైరూ."

"ఎండ బాగుంది" అనేవాణ్ణి నేను. అంపైరు అంతకన్నా ఏమీ అనకూడదు.

మా ఇద్దరికీ స్నేహం కుదిరింది మాత్రం దెబ్బల వల్ల. నా మొదటి ఏడాదే, బ్యాటు అంచుకి తగిలిన బంతి ఒకటి తిన్నగా వచ్చి నా మెడ ఎముక మీద దిగింది. చుక్కలు కనపడ్డాయి. అయ్యో అని ఎవరూ రాలేదు. ఈ క్యాచరు లేచి, నిమ్మళంగా బంతి విసిరే పిచర్ దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళి, రెండు నిమిషాలు ఏదో ముచ్చట పెట్టి, అంతే నిమ్మళంగా తిరిగొచ్చాడు. ఈలోగా నేను ఊపిరి తీసుకుని కళ్ళు తుడుచుకున్నా.

"ఏం మాట్లాడావు అంతసేపు?" అన్నా తర్వాత.

"బాత్రూం పైపు లీకు గురించి. నీకు టైం కావాలి కదా."

అదీ ఈ ఆటలో మర్యాద. అంపైరుకి దెబ్బ తగిలితే క్యాచరు పిచర్ దగ్గరికి షికారు వెళ్తాడు. క్యాచరుకి తగిలితే అంపైరు జేబులోంచి చిన్న బ్రష్ తీసి, శుభ్రంగా ఉన్న హోమ్ ప్లేట్‌ని మళ్ళీ ఊడుస్తాడు. హోమ్ ప్లేట్ అంటే నేలలో పాతిన తెల్ల రబ్బరు పలక. ఊడ్చేటప్పుడు గ్రౌండుకి వీపు పెట్టి, మొహం జనం వైపు ఉంచి వంగాలి. కూర్చున్నవాళ్ళకి మన వెనకభాగం చూపించకూడదని. అతని వేళ్ళకి దెబ్బ తగిలిన ప్రతిసారీ నేను ఆ పలకని మా ఇంటి గడప కన్నా శ్రద్ధగా ఊడ్చా. మా ఆవిడకి ఇది తెలిసి, "ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో తెలుసా మీకు?" అంది.

నేనింకా మానేయక ముందు, నా ఆఖరి ఎండాకాలం. సెప్టెంబర్ ఆదివారం మధ్యాహ్నం. ఫైనల్. ప్లంబర్లకీ బస్సు డ్రైవర్లకీ. డ్రైవర్లు ఎన్నడూ కప్పు గెలవలేదు. మామ్మగారు ఆ రోజు పసుపురంగు టోపీ పెట్టుకుని, కప్పు పెట్టడానికి ఇంట్లో షెల్ఫ్ ఖాళీ చేసి మరీ వచ్చింది. మా క్యాచరుకి ఆ తర్వాతి వారం మోకాలి ఆపరేషన్. ఇక ఆడొద్దని డాక్టరు చెప్పేశాడు. అదే ఆఖరి ఆట.

ఫైనల్ కాబట్టి ఇద్దరు అంపైర్లం. నేను ప్లేట్ వెనకాల. బేసుల దగ్గర రిచ్‌మండ్ హిల్‌లో ఉండే మన కరీంనగర్ తమ్ముడు. సాఫ్ట్‌వేర్. నేనే ఆశపెట్టి ఈ పన్లోకి లాగా. మేమిద్దరం గ్రౌండులో తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం. రెండు జట్లకీ అదేదో రహస్య భాష.

చివరి ఇన్నింగ్స్. ప్లంబర్లు ఒక్క పరుగు వెనకబడ్డారు. ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడూ అవుటైతే ఆట అయిపోయినట్టే. రెండో బేస్ మీద ఒకడున్నాడు. బ్యాటు పట్టుకుని వచ్చింది ఎవరో చెప్పాలా? మోకాలికి పట్టీ కట్టుకుని, కుంటుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఇవాళ కాకపోతే ఇంక లేదు, అంపైరూ" అన్నాడు.

"ఎండ..." అని ఆగిపోయా. మాస్కు సర్దుకున్నా.

మొదటి బంతి వదిలేశాడు. రెండోది కొట్టబోయి తప్పాడు. మూడో బంతికి, కొబ్బరికాయ ఒక్క దెబ్బకి సమంగా పగిలినప్పుడు వచ్చే చప్పుడొచ్చింది. బంతి లేచింది. లేస్తూనే ఉంది. మా బార్బెక్యూల్లో ఈ బంతి హైవే మీద వెళ్తున్న లారీలో పడి మాంట్రియల్ చేరినట్టు ప్రచారం ఉంది. దాన్ని ఆ లారీ ఎక్కించింది నేనేనని ఇవాళ ఒప్పుకుంటున్నా. నిజానికి అది కంచెకి రెండడుగుల అవతల, ఎవరిదో మూత తీసి ఉన్న కూలర్ పెట్టెలో, ఐసు ముక్కల మధ్య పడింది.

గ్రౌండంతా బంతినే చూసింది. ఫీల్డర్లు, జనం, నెత్తిమీద విమానంలో వాళ్ళు కూడా చూసే ఉంటారు. మా తమ్ముడు ఫస్ట్ బేస్ దగ్గర బ్యాటర్ కాలు చూడాలి, అది వాడి డ్యూటీ. వాడూ బంతినే చూస్తూ, "అబ్బ, బంతి పోయిందే!" అని తెలుగులో ఎగిరాడు. మా క్యాచరు కూడా బంతినే చూస్తూ పరిగెత్తాడు. ముప్ఫై ఏళ్ళుగా చూడాలనుకున్నది చూడకుండా ఎలా ఉంటాడు? రెండు చేతులూ పైకెత్తి, మెడ వెనక్కి తిప్పి, నవ్వుతూ, కుంటుతూ, ఎగురుతూ ఫస్ట్ బేస్ దాటాడు.

నేనొక్కణ్ణే కాలు చూశా. ట్రైనింగ్‌లో అది నా బుర్రలోకి మేకులా దిగగొట్టారు, ఏం చెయ్యను?

అతని కాలు బేస్‌ని తగల్లేదు. బూటుకీ బేస్‌కీ మధ్య జానెడు ఎర్రమట్టి.

పిల్లలూ, ఈ రూలు ఒకటి జాగ్రత్తగా వినండి. మిగతా అవుట్లు దాదాపు అన్నీ అంపైరు తనంతట తానే అరిచి చెప్పాలి. బేస్ తొక్కకుండా పోయినవాడి సంగతి మాత్రం వేరు. ఫీల్డింగు వాళ్ళు బంతి పట్టుకుని, ఆ బేస్ మీద నిలబడి, "వీడు తొక్కలేదు కదా?" అని అడగాలి. అడిగితే అవుటివ్వాలి. అడక్కపోతే అంపైరు నోరెత్తకూడదు, కనుబొమ్మ కూడా కదపకూడదు. ఎప్పటిదాకా? ఆట ముగించిన హోమ్ రన్ అయితే, వాళ్ళ పిచర్, బేసుల దగ్గరి ఫీల్డర్లు అందరూ హద్దు గీత దాటి గ్రౌండు బయటికి వెళ్ళేదాకా.

అడిగారా, హోమ్ రన్ లేదు. ముందు పరిగెత్తినవాడి పరుగూ లేదు. కప్పు డ్రైవర్లది, మామ్మగారి షెల్ఫ్ మీదికి. అడగలేదా, కప్పు ప్లంబర్లది, ముప్ఫై ఏళ్ళ కోరిక ఆ ముసలాయనది.

అడిగేదాకా ఆగే అలవాటుని వదిలించుకోడానికి ఏడాది పాటు వేర్‌హౌస్‌లో గొంతు చించుకున్నానా? ఇప్పుడు రూల్ బుక్కే వచ్చి, "ఆగవోయ్, నువ్వు తెనాలిలో ఆగినట్టే ఆగు" అంది.

క్యాచరు మిగతా బేసులు ఒక్కొక్కటీ రెండు కాళ్ళతో తొక్కి మరీ వచ్చాడు. చివరికి హోమ్ ప్లేట్ మీద గెంతాడు. అతని మీద జట్టంతా గెంతింది. అంపైర్లకి ఒక నియమం ఉంది: ఆట అయిపోగానే మాస్కు తీసి, వెనక్కి చూడకుండా కారు దగ్గరికి వెళ్ళిపోవాలి. అందరూ అలాగే వెళ్తారు. నేను వెళ్ళలేను. డ్రైవర్లందరూ గీత దాటేదాకా నేనక్కడే ఉండాలి. ఊరికే స్తంభంలా నిలబడితే, "ఈయనెందుకు కదల్లేదు?" అని ఎవడో ఒకడికి అనుమానం వస్తుంది. అనుమానం వస్తే అడుగుతారు.

ఏదో ఒక పని చెయ్యాలి. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. బ్రష్ తీశా. గ్రౌండుకి వీపు పెట్టి, వంగి, హోమ్ ప్లేట్ ఊడవడం మొదలెట్టా.

ఆట అయిపోయాక!

దాని మీద పదిహేనుమంది ప్లంబర్లు గంతులేస్తున్నారు. "కాళ్ళు తియ్యండి, కాస్త కాళ్ళు తియ్యండి" అంటూ, అచ్చం పండగ ముందు మా ఆవిడలా, వాళ్ళ బూట్ల సందుల్లో ఊడుస్తున్నా. వాళ్ళు పాపం పక్కకి జరిగి గంతులేశారు.

వీపు గ్రౌండు వైపు ఉంది కదా, ఎంతమంది లోపలున్నారో నాకెలా తెలుస్తుంది? తల ఇంకాస్త వంచి, నా కాళ్ళ సందులోంచి చూశా. తలకిందులుగా ఒకడు గీత దాటాడు. తలకిందులుగా ఇంకొకడు.

మా తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, పోదాం పద. అయిపోయింది గద?"

"ఉండు, తమ్మీ."

"ఏందన్నా ఈ ఊడ్సుడు? చుట్టాలొస్తున్నరా?"

"నువ్వు కాసేపు నోర్ముయ్. లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఎవ్వర్లోపల?"

"డ్రైవర్లు, నాయనా!"

"ఒక్కడే అన్నా. ఆ పెద్ద సర్దార్జీ. ఫస్ట్ బేస్ కాడ కూసున్నడు, పాపం."

"పక్కనా? మీదా?"

"మీదనే. ఎందుకు?"

నా బ్రష్ ఆగిపోయింది. కాళ్ళ సందులోంచి చూశా. నిజమే. ఆరడుగుల మూడంగుళాల మనిషి, తల పట్టుకుని, సరిగ్గా ఆ బేస్ మీదే కూలబడి ఉన్నాడు. అతను లేచి గీత దాటితే చాలు. అతనేమో బూటు లేసులు విప్పుకుంటున్నాడు. తీరిగ్గా. ఒకటి విప్పి, రెండోదానికి ముడి పడితే, దాంతో కుస్తీ పడుతున్నాడు.

అంతలో కంచె అవతలి కూలర్ ఆసామి, ఎంత మంచివాడో చూడండి, ఐసులోంచి బంతి తీసి లోపలికి విసిరాడు. అది గెంతుకుంటూ, దొర్లుకుంటూ, గ్రౌండులో ఇంత చోటుండగా ఎక్కడా ఆగకుండా, సర్దార్జీ కాలికి తగిలి ఆగింది. ఇందులో చుక్క నీళ్ళు లేవు. మా తమ్ముణ్ణి అడగండి.

అతను బంతి తీసుకున్నాడు. చల్లగా ఉందేమో, నుదుటికి ఆనించుకున్నాడు. బేస్ మీద ఉన్నాడు. చేతిలో బంతి ఉంది. ఇక కావల్సింది నోరొక్కటే.

తలెత్తి నా వైపు చూశాడు.

"అంపైర్ సాబ్!"

నేను లేచి తిరిగా. ప్లంబర్ల కేకలు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టున్నాయి. ముసలాయన వాళ్ళ భుజాల మీద ఉన్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియట్లేదు.

"అంపైర్ సాబ్, ఒకటి అడగనా?"

నా కుడి పిడికిలి బిగుసుకుంది. అడిగితే ఇవ్వాల్సిందే. ఆ ముసలాయన మా నాన్న అయినా ఇవ్వాల్సిందే.

"అడుగు" అన్నా.

"ఈ బంతి లీగ్‌ది కదా. తిరిగి మీకివ్వాలా? లేకపోతే ఆ పెద్దాయనకి ఇచ్చేయొచ్చా? మొదటిది కదా ఆయనకి."

పిల్లలూ, నేను ఫోర్క్‌లిఫ్ట్ కింద పడబోయి బతికినవాణ్ణి. ఆ రోజు కూడా ఇంత తేలిక పడలేదు ప్రాణం.

"ఇచ్చెయ్ బాబూ! పరిగెత్తుకెళ్ళి ఇచ్చెయ్!"

ఆ "పరిగెత్తు" అన్న మాట రూల్ బుక్‌లో ఎక్కడా లేదు. అంపైరుగా నేను చేసిన తప్పు అదొక్కటే. ఇంకా చాలా ఉన్నాయి గానీ, ఒప్పుకునేది అదొక్కటే.

ఊడిన లేసులు నేల మీద ఈడ్చుకుంటూ అతను పరిగెత్తాడు. గీత దాటాడు. ఈసారి తిన్నగా, నిటారుగా నిలబడి చూశా. రెండు కాళ్ళూ దాటాయి. అప్పుడు బ్రష్ జేబులో పెట్టుకున్నా. ముసలాయన ఆ చల్లటి బంతిని చెంపకి ఆనించుకుని, అంత గోలలో నా కోసం వెతుక్కుని, భుజాల మీద నుంచే అరిచాడు.

"ఇవాళే, అంపైరూ!"

"ఎండ బాగుంది!" అని అరిచా నేను.

ఆ బంతి ఇప్పటికీ వాళ్ళ హాల్లో గాజు పెట్టెలో ఉంది. ఎవరు వెళ్ళినా ముందు దాన్ని చూపించి, తర్వాతే కాఫీ ఇస్తాడు. అతనికి ఇప్పటికీ తెలియదు. అందుకే అన్నా, తర్జుమా బటన్ జోలికి పోవద్దని.

మాస్కు చంకలో పెట్టుకుని కారు వైపు వెళ్తుంటే, వల చివర మామ్మగారు. కుర్చీ మడిచేసింది. పసుపు టోపీ తీసి చేత్తో పట్టుకుంది. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆవిడ నన్ను ఏమీ అనకుండా అల్లం టీ పోసింది. నాకు భయమేసింది.

"మంచి ఆట, మేడమ్" అన్నా.

ఆవిడ స్కోరు పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. హోమ్ రన్ కొడితే ఆ పుస్తకంలో నాలుగు బేసుల్నీ కలిపి నాలుగు మూలల బొమ్మ ఒకటి పూర్తిగా గీస్తారు. ఆవిడా గీసింది. కాకపోతే ఫస్ట్ బేస్ మూల దగ్గర గీతలు కలవలేదు. సన్నటి సందు. నా కళ్ళకి అది ఆ జానెడు ఎర్రమట్టే.

కప్పు కిందికి దించా.

"మీరు చూశారా?"

"నేను చూడలేదు. నీ మొహం చూశా. నువ్వు ఊడుస్తుంటే మొహం నా వైపేగా ఉండేది? ఆట అయిపోయాక ప్లేటు ఊడ్చే అంపైరుని నా జన్మలో చూళ్ళేదు. పైగా కాళ్ళ సందులోంచి ఫస్ట్ బేస్ కేసి చూస్తాడు. నాకు బుర్ర లేదనుకున్నావా?"

"మరి... మీ జట్టు. మీ కప్పు. ఒక్క కేక వేస్తే మీ సర్దార్జీకి అర్థమయ్యేది. మొదటి రోజు నా కోసం వేశారే, అలాంటి కేక."

మామ్మగారు గ్రౌండు వైపు చూసింది. అక్కడ ముసలాయన్ని ఇంకా దించలేదు. సర్దార్జీ కూడా ఒక భుజం పట్టాడు, అవతలి జట్టువాడై ఉండీ.

"నోటిదాకా వచ్చింది" అంది. "ముప్ఫై ఏళ్ళ నుంచి చూస్తున్నా ఆ మొండివాణ్ణి. ప్రతి ఏడూ బ్యాటు పట్టుకుని రావడం, తల వంచుకుని పోవడం. కప్పుదేముంది, మావాళ్ళు కుర్రాళ్ళు, వచ్చే ఏడు తెస్తారు. షెల్ఫ్ ఎక్కడికీ పోదు."

కప్పు నా చేతిలోంచి తీసుకుని, మిగిలిన చుక్కలు గడ్డిలో విదిలించింది.

"అయినా, పన్నెండేళ్ళు నీకు కళ్ళు కనపడవని అరిచానా? ఇప్పుడు కేకేస్తే, నీకొక్కడికే కనపడిందని ఊరందరికీ తెలిసిపోదూ? నా పరువేం కావాలి?"

ఫ్లాస్కు మూత బిగించి, కుర్చీ భుజాన వేసుకుని నాలుగడుగులు వేసింది. ఆగి, వెనక్కి తిరిగి, పార్కింగులో ఉన్న ప్రతి ఒక్కరికీ వినపడేలా గొంతెత్తింది.

"రెండో ఇన్నింగ్స్‌లో మావాడికి స్ట్రైక్ ఇచ్చావే, ఆ బంతి ఇంత దూరం బయటుంది! ఇంటికెళ్ళి కళ్ళు కడుక్కో, గుడ్డి అంపైరూ!"